ఆటోనగర్ కంపెనీకి ఓడూ సర్వర్: ఇన్‌స్టలేషన్ డైరీ

సోమవారం

పని ఈరోజు ఖాయమైంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు హోల్‌సేల్‌గా అమ్మే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. గుంటూరులో, ఏలూరులో బ్రాంచీలున్నాయి. బిల్లింగ్ ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో, స్టాకు ఎక్సెల్ షీట్లలో, అరువు ఖాతాలు పుస్తకాల్లో నడుస్తున్నాయి. అన్నిటినీ ఒకచోటికి తేవడానికి ఓడూ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఉచిత రకమైన ఓడూ 18 కమ్యూనిటీ ఎడిషన్ ఎంచుకున్నారు. సర్వర్ సిద్ధం చేసి, ఓడూను, దానికి కావలసిన డేటాబేస్‌ను, పీడీఎఫ్ టూల్‌ను, బయటినుంచి తెచ్చే మాడ్యూళ్లను (అదనపు భాగాలను) ఎక్కించి, భద్రంగా ఉన్నాయని చూపించి అప్పగించడం మా వంతు.

"యూట్యూబ్‌లో గంటలో ఎక్కించేస్తున్నారంట కదా బాబూ, మీకెందుకు ఇన్ని రోజులు?" అని ఓనర్ గారు అడిగారు. గంటలో ఎక్కుతుంది, నిజమే. ఎవరో రాసిన స్క్రిప్టు దించుకుని రూట్ యూజర్‌గా, అంటే సర్వర్ మీద సర్వాధికారాలతో, నడిపితే చాలు, చివర్లో లాగిన్ పేజీ వస్తుంది. ఆ గంటలో సర్వర్‌లోకి ఏమేం వచ్చాయో, ఏది ఎవరి అధికారంతో నడుస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇదే మాట ఆయనకు చెప్పి, ఉక్రెయిన్‌లో జరిగింది వివరించాను.

అక్కడి కంపెనీలు పన్నుల లెక్కలకు ఎమ్ఈడాక్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవి. దాన్ని తయారుచేసే సంస్థ అప్‌డేట్ సర్వర్‌లోకి చొరబడినవాళ్లు అప్‌డేట్‌లోనే దొంగదారి పెట్టి పంపారు. 2017 జూన్ 27న ఆ దారిగుండానే నాట్‌పెట్యా వచ్చిపడింది. నష్టపోయిన కంపెనీలు చేసిందల్లా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మామూలుగా వచ్చే అప్‌డేట్ వేసుకోవడమే. ఉక్రెయిన్‌లో ఆఫీసు ఉన్న డెన్మార్క్ షిప్పింగ్ సంస్థ మేర్స్క్ 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు తిరిగి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మన దాంట్లోకి ఏది వస్తున్నా రాసిపెట్టండి, నాక్కూడా చూపించండి" అన్నారు. రిజిస్టర్ అక్కడే మొదలైంది. సర్వర్ మీదకు వచ్చే ప్రతిదానికీ ఒక పేజీ. అది ఎక్కడినుంచి వచ్చింది, ఏ యూజర్ పేరుమీద నడుస్తుంది, డిస్కులో ఎక్కడ రాయగలదు, నెట్‌లో ఎవరితో మాట్లాడగలదు. ఈ నాలుగిటికీ జవాబు రాయలేని ముక్కను లైవ్ సర్వర్ మీద పెట్టకూడదని టీమ్‌లో అనుకున్నాం.

మంగళవారం

ముంబై డేటా సెంటర్‌లో వర్చువల్ మెషిన్ తీసుకున్నాం. 4 సీపీయూలు, 16 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్.

ఈ ఉబుంటు వెర్షన్ గురించి ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. పెట్టింది బయటి దొంగ కాదు, ప్రాజెక్టులో నమ్మకం సంపాదించి నిర్వాహకుడైన మనిషే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంనుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తవ్వితే అది దొరికింది. అప్పుడు తయారవుతున్న 24.04 బీటాను ఉబుంటు తయారీ సంస్థ కెనానికల్ వారం వెనక్కి జరిపి, ఆ దొంగ కోడ్ చేరాక తయారైన ప్యాకేజీలన్నీ మళ్లీ బిల్డ్ చేసింది. ప్యాకేజీ మీద సంతకం సరిగ్గా ఉంటే అది ఎవరినుంచి వచ్చిందో తెలుస్తుంది, అంతే. లోపల ఏముందో సంతకం చెప్పదు. అందుకే రిజిస్టర్‌లో "ఎక్కడినుంచి" ఒక్కటే రాసి ఊరుకోవడం లేదు.

మిగతా పనులు తెలిసినవే. రూట్ లాగిన్ ఆపేశాం. ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ తీసేసి కీలు పెట్టాం, అదీ వైర్‌గార్డ్ వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ అయిన ప్రైవేటు దారి) లోపలినుంచే. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడేలా ఉంచాం. బయటికి 443 (వెబ్ పేజీలకు ద్వారం), వీపీఎన్ పోర్టు తప్ప ఏమీ తెరవలేదు.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన దేశంలో దానికీ నిబంధన ఉంది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్ల సమయం నిక్ (జాతీయ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో సరిపోవాలి. లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లోపు తెలియజేయాలి. గడియారం సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్‌ను నిక్ వారి సమయ్ సర్వర్లకు కలిపాం. ఉబుంటులో ఎంజిన్‌ఎక్స్ (ఓడూ ముందు నిలబడి బయటి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్) లాగ్‌లు మామూలుగా 14 రోజులకే చెరిగిపోతాయి. దాన్ని 180 దాటేలా మార్చి, ఒక కాపీ వేరే మెషిన్‌కు వెళ్లేలా పెట్టాం. సర్వర్‌లోకి దూరినవాడు మొదట చెరిపేది లాగ్‌లనే కాబట్టి, అవి అదే మెషిన్‌లో మాత్రమే ఉంటే ప్రయోజనం లేదు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు, "డాకర్‌లో పెడితే ఈ తలనొప్పి ఉండదు కదన్నా" అన్నాడు. ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి ఒక డబ్బాలా నడిపే డాకర్ మంచిదే. అయితే డాకర్ పోర్టు తెరిచినప్పుడు ఉబుంటు ఫైర్‌వాల్ నియమాలను దాటేసి తెరుస్తుంది. ఫైర్‌వాల్‌లో మూసి ఉన్నట్టు కనిపించే పోర్టు బయటినుంచి చూస్తే తెరిచే ఉంటుంది. అది తెలిసినవాళ్లు చూసుకునే చోట పర్వాలేదు. రేపు మేం వెళ్లిపోయాక ఈ సర్వర్‌ను చూసేది ఒక పార్ట్‌టైమ్ ఐటీ మనిషి. ఆయనకు అర్థమయ్యేలా ఉండాలి. డాకర్ వద్దనుకున్నాం.

బుధవారం

డేటాబేస్‌తో మొదలుపెట్టాం. పోస్ట్‌గ్రెస్ 16, ఉబుంటు వాళ్ల రిపాజిటరీ నుంచే. ఓడూ, డేటాబేస్ ఒకే మెషిన్‌లో ఉన్నాయి కాబట్టి పోస్ట్‌గ్రెస్ నెట్‌వర్క్ పోర్టు మీద వినాల్సిన పనే లేకుండా యూనిక్స్ సాకెట్ (మెషిన్ లోపలే పనిచేసే దారి) మీద ఉంచాం. లినక్స్‌లో ఓడూ అనే యూజర్, పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరుతో రోల్ (డేటాబేస్ ఖాతా). పీర్ పద్ధతిలో రెండూ సరిపోలితేనే లోపలికి రానిస్తుంది. దీనివల్ల కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ అనేదే ఉండదు. లేని పాస్‌వర్డ్‌ను ఎవరూ దొంగిలించలేరు.

ఆ రోల్‌కు సూపర్‌యూజర్ హక్కు ఇవ్వలేదు. పోస్ట్‌గ్రెస్ అనే మూల యూజర్‌తో నడపబోతే ఓడూ తానే ఆగిపోతుంది, భద్రతకు ముప్పని చెప్పి. అది మంచి కట్టడి. అయితే వేరే పేరుతో సూపర్‌యూజర్ రోల్ ఇచ్చి దాన్ని తప్పించుకునే సలహాలు నెట్‌లో కొల్లలు. డేటాబేస్ సృష్టించే హక్కు మొదట కావాలి కాబట్టి ఇచ్చాం, డేటాబేస్ తయారయ్యాక అదీ తీసేశాం.

తర్వాత పైథాన్ లైబ్రరీలు. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఓడూ పైథాన్ భాషలో రాసింది. ఉబుంటు 24.04లో సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దించే టూల్‌తో) నేరుగా లైబ్రరీలు వేయబోతే ఒప్పుకోదు. "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ ఇస్తేనే వేస్తుంది. ఏం జరుగుతుందో ఆ ఆప్షన్ పేరులోనే ఉంది, అయినా చాలా గైడ్లు దాన్నే వాడమంటాయి. కొంచెం జాగ్రత్తపరులు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌కు తగలని వేరే పైథాన్ ఫోల్డర్) చేసుకుని, ఓడూ ఇచ్చిన రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో (కావలసిన లైబ్రరీల జాబితాతో) అన్నీ పిప్ ద్వారా వేసుకుంటారు. సిస్టమ్ పాడవదు. అయితే అక్కడ కనబడని గొయ్యి ఒకటి ఉంది.

ఓడూ ఆ ఫైల్‌లో రాసే వెర్షన్ నంబర్లు ఉబుంటు, డెబియన్‌లలో ఉన్న ప్యాకేజీల నంబర్లకు దగ్గరగా ఉంటాయి. ఆ నంబర్లు పాతవి. ఉబుంటు తన ప్యాకేజీలో లోపం బయటపడితే లైబ్రరీ అసలు నంబరు మార్చకుండానే మరమ్మతు చేసి పంపుతుంది. పిప్‌లో దొరికే అదే నంబరు లైబ్రరీకి ఆ మరమ్మతు ఉండదు, అది విడుదలైన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అంటే రెండు చోట్లా ఒకే నంబరు కనిపిస్తుంది, ఒకటి మరమ్మతైంది, ఇంకొకటి కాలేదు. తెలిసిన లోపాలను వెతికే పిప్ ఆడిట్ టూల్‌ను వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ మీద నడిపి తమ్ముడికి చూపించాను. హెచ్చరికలు వరసగా వచ్చాయి.

అందుకని లైబ్రరీలను వీలైనంతవరకు ఉబుంటు సొంత ప్యాకేజీ టూల్ ఆప్ట్ ద్వారానే వేశాం. ఓడూ సోర్స్‌లోనే దానికి ఒక చిన్న స్క్రిప్టు ఉంది, ముందుగా చదివి, ఏ ప్యాకేజీలు వేస్తుందో రాసుకుని నడిపాం. వీటిలో కొన్ని ఉబుంటులో కమ్యూనిటీ చూసుకునే యూనివర్స్ విభాగంలోవి. వాటికి పూర్తి సెక్యూరిటీ మరమ్మతులు రావాలంటే ఉబుంటు ప్రో సభ్యత్వం ఉండాలి, అది కూడా జత చేశాం. ఆప్ట్‌లో దొరకని ఒకటి రెండు లైబ్రరీలకు మాత్రమే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. అవి కూడా హ్యాష్ (ఫైల్ వేలిముద్ర లాంటి సంఖ్య) సరిపోతేనే ఎక్కేలా. ఫైల్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా పిప్ తిరస్కరిస్తుంది.

ఓడూ కోడ్‌ను గిట్‌హబ్‌లోని అధికారిక రిపాజిటరీ నుంచి, 18.0 బ్రాంచ్‌లో ఒక కమిట్ (కోడ్‌లో నమోదైన ఒక మార్పు) దగ్గర ఆపి తెచ్చాం. ఆ కమిట్ నంబరు రిజిస్టర్‌లోకి ఎక్కింది. కోడ్ ఫోల్డర్ రూట్ పేరుమీద ఉంటుంది, ఓడూ యూజర్ చదవగలదు గానీ మార్చలేదు. రేపు వెబ్‌లోంచి ఎవరైనా ఓడూ ప్రాసెస్‌ను లొంగదీసుకున్నా, ప్రోగ్రామ్ ఫైళ్లలో తమ కోడ్ రాసుకోలేరు.

గురువారం

డేటాబేస్ మొదలుపెట్టే వరసలో ఒక జాగ్రత్త పాటించాం. కమాండ్ లైన్‌లోంచి కొత్త డేటాబేస్ సృష్టిస్తే ఓడూ 18 అడ్మిన్ అనే లాగిన్‌కు అడ్మిన్ అనే పాస్‌వర్డే పెడుతుంది. వద్దని చెప్పకపోతే డెమో డేటా కూడా వేస్తుంది, దాంతో డెమో అనే యూజర్ డెమో అనే పాస్‌వర్డుతో వచ్చి కూర్చుంటాడు. అందుకే డెమో డేటా లేకుండా సృష్టించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాతే ఎంజిన్‌ఎక్స్‌ను బయటికి తెరిచాం. ముందే తెరిచి ఉంటే, డేటాబేస్ సృష్టికీ పాస్‌వర్డ్ మార్పుకూ మధ్య ఉండే ఆ కాస్త సమయం చాలు, సర్వర్ల కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు జల్లెడ పట్టే బాట్‌లకు.

ఓడూ 8069 పోర్టును, లైవ్ మెసేజీలకు 8072ను లోకల్‌హోస్ట్‌కే, అంటే అదే మెషిన్‌కే, పరిమితం చేశాం. మామూలుగా వదిలేస్తే అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా వింటుంది. డేటాబేస్ మేనేజర్ పేజీ గురించి ఓనర్ గారికి కూడా చెప్పాను. మాస్టర్ పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ పేజీలోంచి కంపెనీ డేటాబేస్ మొత్తాన్ని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, తుడిచేయవచ్చు కూడా. ఆ పేజీని నడిపే లిస్ట్ డీబీ సెట్టింగ్‌ను ఆపేశాం, ఎంజిన్‌ఎక్స్‌లోనూ ఆ చిరునామాను మూసేశాం, మాస్టర్ పాస్‌వర్డ్‌ను పొడవైన యాదృచ్ఛిక అక్షరాలతో మార్చాం. ఒకటి పొరపాటున తెరుచుకున్నా మిగతావి ఉంటాయి.

ప్రాక్సీ మోడ్ గురించి రాసుకోవాలి. ఎంజిన్‌ఎక్స్ వెనుక ఓడూ ఉన్నప్పుడు ఇది ఆన్ చేయకపోతే, వచ్చే ప్రతి రిక్వెస్టూ లోకల్‌హోస్ట్ నుంచే వచ్చినట్టు లాగ్‌లో పడుతుంది. లాగిన్ తప్పులు ఎక్కువైతే ఆ ఐపీ అడ్రస్‌ను కాసేపు ఆపే ఏర్పాటు ఓడూలో ఉంది. అన్నీ ఒకే ఐపీలా కనిపిస్తే, ఎక్కడో ఒకడు పాస్‌వర్డులు ఊహిస్తూ ఉంటే ఇక్కడ మూడు ఊళ్ల లాగిన్లూ ఆగిపోతాయి. ప్రాక్సీ మోడ్ ఆన్ చేశాక కూడా గుంటూరు బ్రాంచ్ మొత్తం ఒకే ఐపీ వెనుక ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. కౌంటర్‌లో ఒకరు పదేపదే తప్పు కొడితే పక్కవాళ్లు కూడా ఆగుతారు. దీన్ని బ్రాంచ్ మేనేజర్లకు ముందే చెప్పాం, లేకపోతే బిల్లు ఆగిన ప్రతిసారీ "సర్వర్ డౌన్" అని ఫోన్లు వస్తాయి.

శుక్రవారం

పీడీఎఫ్ టూల్ రోజు. ఇన్‌వాయిస్‌లు ప్రింట్ కావాలంటే ఓడూకు డబ్ల్యూకే హెచ్‌టీఎమ్ఎల్ టు పీడీఎఫ్ అనే ప్రోగ్రామ్ ఉండాలి. ఉబుంటు రిపాజిటరీలో ఉన్నదానితో హెడర్లు, ఫుటర్లు రావు, మార్చిన క్యూటీ లైబ్రరీతో బిల్డ్ చేసిన 0.12.6 వెర్షన్ కావాలి. దాని గిట్‌హబ్ రిపాజిటరీ ఇప్పుడు ఆర్కైవ్ అయి (పని ఆగి, చదవడానికి మాత్రమే) ఉంది. అంటే లోపం బయటపడినా బాగుచేసేవారు లేరు. ఈ పేజీ రాస్తుంటే మనసుకు నచ్చలేదు, కానీ ఓడూ దానిమీదే ఆధారపడింది కాబట్టి తప్పదు.

బాగుచేయలేనిదాన్ని కనీసం చేతులు కట్టి ఉంచాలి. ఈ ప్రోగ్రామ్ ఒక పాత బ్రౌజర్ ఇంజిన్. ఇన్‌వాయిస్ మీద వచ్చే నోట్స్ లాంటి గడిలో ఎవరైనా బొమ్మ లింకు ఇరికించగలిగితే, సర్వర్ లోపలినుంచి ఆ చిరునామాకు వెళ్లి తెస్తుంది. క్లౌడ్ మెషిన్లలో 169.254.169.254 అనే చిరునామా దగ్గర మెషిన్ రహస్యాలు దొరుకుతాయి. ఓడూను నడిపే సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి అదుపులో ఉంచే భాగం) సర్వీసులోనే ఆ చిరునామాను ఓడూకు నిషేధించాం. ఈ ప్రోగ్రామ్ ఓడూ కింద నడుస్తుంది కాబట్టి దానికీ వర్తిస్తుంది. డిస్కు మీద ఫైళ్లు చదవడాన్ని 0.12.6 తానే మామూలుగా ఆపి ఉంచుతుంది, అలాగే ఉందని పరీక్షించి చూశాం.

అదే సర్వీసు ఫైల్‌లో మిగతా బిగింపులు కూడా. ఫైల్‌సిస్టమ్ మొత్తం చదవడానికే, రాయడానికి ఓడూ డేటా ఫోల్డర్, లాగ్ ఫోల్డర్ మాత్రమే. హోమ్ ఫోల్డర్లు కనబడవు. టెంప్ ఫోల్డర్ దానికి వేరే. కొత్త అధికారాలు సంపాదించుకోవడం కుదరదు. సిస్టమ్‌డీలో ఉన్న సెక్యూరిటీ విశ్లేషణ కమాండ్ మొదట 9 పైన చూపించి అన్‌సేఫ్ అంది. ఒక్కో బిగింపూ వేసి, ఒక్కో ఇన్‌వాయిస్ ప్రింట్ తీస్తూ వచ్చాం. మెమరీలో రాసిన చోటే కోడ్ నడపకుండా ఆపే సెట్టింగ్ వేయగానే పీడీఎఫ్‌లు రావడం ఆగిపోయాయి, పాత బ్రౌజర్ ఇంజిన్ జావాస్క్రిప్ట్ కోసం అలాగే చేస్తుంది మరి. అది ఒక్కటి తీసేసి, ఎందుకు తీశామో రిజిస్టర్‌లో రాశాం. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ పెట్టి టెన్షన్ పడకూడదు.

మరుసటి వారం, మంగళవారం

బయటి మాడ్యూళ్లు. నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఓడూ మూల కోడ్‌ను ప్రపంచమంతా చూస్తుంది. ఒక చిన్న సంస్థ అమ్మే మాడ్యూల్‌ను చూసేది అమ్మినవాడు, కొన్నవాడు మాత్రమే. కొన్నవాడు చాలాసార్లు చూడడు. ఓడూ మాడ్యూల్‌కు ప్రత్యేకమైన బోను అంటూ లేదు, ఇన్‌స్టాల్ చేశాక ఓడూ చేయగలిగినదంతా అదీ చేయగలదు. కౌంటర్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే బీరువా తాళాలు ఇవ్వడం లాంటిది.

ఓసీఏ, అంటే ఓడూ కమ్యూనిటీ అసోసియేషన్, రిపాజిటరీల నుంచి రెండు తీసుకున్నాం. అక్కడ మార్పులు బహిరంగంగా సమీక్ష జరిగాకే కలుస్తాయి, చరిత్ర కనిపిస్తుంది. వాటి పేజీలు త్వరగా నిండాయి.

మూడోది కంపెనీ డబ్బిచ్చి కొన్నది. బిల్లు కాగానే కస్టమర్ వాట్సాప్‌కు ఇన్‌వాయిస్ లింకు పంపే మాడ్యూల్. అమ్మినవాళ్లు జిప్ ఫైల్ పంపారు.

"డబ్బులిచ్చి కొన్నదే కదన్నా, ఇది కూడా చదవాలా?" అని తమ్ముడు.

"కొన్నదే ముందు చదవాలి. ఇద్దరం కూర్చుందాం రా."

మాడ్యూల్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైల్‌తో మొదలుపెట్టాం. అందులో ఏ మాడ్యూళ్ల మీద ఆధారపడుతుందో, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తానే నడిచే కోడ్ (హుక్) ఏమైనా ఉందో తెలుస్తుంది. హుక్ లేదు. తర్వాత ఏ గ్రూప్‌కు ఏ హక్కో చెప్పే యాక్సెస్ ఫైల్. అందులో గ్రూప్ గడి ఖాళీగా ఉంటే ఆ హక్కు లాగిన్ లేనివాళ్లతో సహా అందరికీ వస్తుంది. ఒక వరసలో ఖాళీగా ఉంది. సెట్టింగుల టేబుల్ అది. ఎవరైనా చదవవచ్చు, వాట్సాప్ కీ కూడా అందులోనే.

తర్వాత కంట్రోలర్, అంటే వెబ్ లింకులకు జవాబిచ్చే కోడ్. ఇక్కడ ఇద్దరం ఆగిపోయాం. ఇన్‌వాయిస్ లింకు చివర్లో ఉన్నది బిల్లు ఐడీ నంబరే. ఆ లింకును లాగిన్ లేకుండానే ఎవరైనా తెరవచ్చు, లోపల సూడో అనే ఆదేశంతో హక్కుల తనిఖీ మొత్తం దాటేస్తుంది. అంటే లింకు అందుకున్న కస్టమర్ చివరి నంబరును ఒకటి మార్చితే ఇంకొకరి బిల్లు తెరుచుకుంటుంది. టెస్ట్ సర్వర్‌లో చేసి చూశాం, తెరుచుకుంది. ఆటోనగర్‌లో ఏ పార్టీకి ఎంత డిస్కౌంట్ ఇస్తున్నారన్నది వ్యాపారానికి ప్రాణం. పక్క షాపువాడు ఒక బిల్లు కొంటే చాలు, అందరి రేట్లూ చదువుకోవచ్చు.

ఇంకొంచెం వెతికితే రోజుకోసారి నడిచే షెడ్యూల్డ్ జాబ్ కనిపించింది. లైసెన్స్ తనిఖీ పేరుతో కంపెనీ పేరు, యూజర్ల సంఖ్య, డేటాబేస్ గుర్తింపు సంఖ్య బయటి సర్వర్‌కు పంపుతోంది. ఒప్పందంలో ఈ మాట లేదు. ఒక చోట యూజర్ ఇచ్చిన పదాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో) అతికించారు, అంటే పదం బదులు తన ఆదేశమే దూర్చే వీలుంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేశాం. "సార్, మా కస్టమర్లందరూ ఇదే వాడుతున్నారు, ఎవరూ అడగలేదు" అన్నారు. గొడవ పెట్టుకోలేదు. ఫైల్ పేరు, లైన్ నంబరు, టెస్ట్‌లో తీసిన స్క్రీన్ వీడియోతో మెయిల్ రాశాం. పరిష్కారం కూడా అందులోనే చెప్పాం. ఓడూ పోర్టల్‌లోనే ప్రతి ఇన్‌వాయిస్‌కు ఊహించలేని యాక్సెస్ టోకెన్ ఇచ్చే పద్ధతి ఉంది, దాన్ని వాడుకుంటే చాలు, కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు. సరిచేసేదాకా మాడ్యూల్ లైవ్‌లోకి వెళ్లదని ఓనర్ గారికి చెప్పాం. ఆయన మొదట కాస్త నొచ్చుకున్నారు, వాట్సాప్ బిల్లు ఆయన ఎక్కువగా ఎదురుచూసిన సౌకర్యం మరి. పక్క షాపు సంగతి చెప్పి ఆ వీడియో చూపించాక, "వద్దు, ఆపేయండి" అని ఆయనే అన్నారు.

గురువారం

ఆ లైసెన్స్ జాబ్ చూశాక బయటికి వెళ్లే దారుల మీద ఇంకా గట్టిగా ఉండాలనిపించింది. లోపలికి వచ్చే పోర్టులను అందరూ మూస్తారు, బయటికి వెళ్లేవాటిని వదిలేస్తారు. ఫైర్‌వాల్‌లో ఓడూ యూజర్‌కు మాత్రమే వర్తించే నియమాలు రాశాం. మెయిల్ రిలే, ఈ-ఇన్‌వాయిస్ సేవ, వాట్సాప్ ఏపీఐ, ఇంతే. మిగతా అన్నీ నిషేధం, నిషేధించిన ప్రతి ప్రయత్నం లాగ్‌లో పడుతుంది. రేపు ఏదైనా మాడ్యూల్ ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మనకు ముందు తెలుస్తుంది. సేవల ఐపీ అడ్రస్‌లు మారినప్పుడు ఈ జాబితా చూసుకోవాల్సి ఉంటుంది, కాస్త శ్రమే. ఆ శ్రమ తగినదే.

మధ్యాహ్నం యూజర్ల లాగిన్లు. అకౌంటెంట్ మేడమ్ చాలా ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నారు. "గోడౌన్ కుర్రాళ్లందరికీ ఒకటే లాగిన్ ఇస్తే సరిపోతుంది కదండీ, ఒకడు మానేస్తాడు, ఇంకొకడు వస్తాడు" అన్నారు.

"స్టాకులో తేడా వస్తే ఎవరు మార్చారో మీకెలా తెలుస్తుందండీ?"

ఆవిడ నవ్వి, "ఇప్పటికీ తెలియడం లేదు లెండి" అన్నారు. వెంటనే గోడౌన్ వాళ్ల పేర్ల జాబితా ఆవిడే రాసిచ్చారు. అకౌంట్స్‌కు, అడ్మిన్‌కు టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కోడ్) పెట్టాం, ఆ సౌకర్యం ఓడూలోనే ఉంది. గోడౌన్‌లో ఫోన్లు అనుమతించరు కాబట్టి అక్కడి లాగిన్లకు స్టాకు కదలికలు తప్ప ఇంకేమీ కనిపించకుండా హక్కులు తగ్గించాం.

ఆడిట్ ట్రయల్ (మార్పుల చరిత్ర) కూడా ఈరోజే. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో నమోదు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఓడూలో ఆ ఎంపికను ఆన్ చేశాం. కానీ ఎవరైనా డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి ఒక అంకె మారిస్తే ఓడూకు తెలియదు. డేటాబేస్ స్థాయిలో నమోదు లేదన్న మాట ఆడిటర్ల నివేదికల్లో తరచూ కనిపిస్తుంది. అందుకే పోస్ట్‌గ్రెస్‌కు మార్పులను నమోదు చేసే పీజీఆడిట్ ఎక్స్‌టెన్షన్ వేసి, నేరుగా జరిగే మార్పులు లాగ్‌లో పడి, వేరే మెషిన్‌కు వెళ్లేలా చేశాం. ఆ మెషిన్ తాళం మా దగ్గర ఉండదు, కంపెనీ ఆడిటర్ గారి దగ్గర ఉంటుంది. మార్చగలిగినవాడి చేతిలోనే లాగ్ ఉంటే అది సాక్ష్యం కాదు.

శనివారం

బ్యాకప్ పని. ఓడూలో రెండు భాగాలు కలిపి తీయాలి. లెక్కలు పోస్ట్‌గ్రెస్‌లో ఉంటాయి, జత చేసిన బిల్లుల స్కాన్లు, పీడీఎఫ్‌లు ఫైల్‌స్టోర్ ఫోల్డర్‌లో ఉంటాయి. డేటాబేస్ ఒక్కటే తీసుకుంటే రికార్డు ఉంటుంది, దాని కాగితం ఉండదు. రెండూ ఎన్‌క్రిప్ట్ అయి ప్రతి రాత్రి హైదరాబాద్‌లోని వేరే సర్వర్‌కు వెళ్తాయి. ఓడూ సర్వర్ అక్కడ కొత్తవి చేర్చగలదు, పాతవి చెరపలేదు. ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్‌లోనే ఉండాలని 2022 ఆగస్టు సవరణ చెబుతుంది కాబట్టి రెండు ఊళ్లూ ఇక్కడివే.

మూడో కాపీ ఏ వైరుకూ తగలని డిస్కు. ఓనర్ గారు ఇది అనవసరమేమో అన్నారు. మేర్స్క్ కథలో మిగిలిన ముక్క అప్పుడు చెప్పాను. వాళ్ల నెట్‌వర్క్‌లో యూజర్ల వివరాలు దాచే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతా ఉండేవి, ఒకదానికొకటి కాపీలు. నాట్‌పెట్యా అన్నిటినీ ఒకేసారి తుడిచేసింది. ఘనా ఆఫీసులో ఆ సమయానికి కరెంటు పోయి, అక్కడి మెషిన్ నెట్‌వర్క్‌లో లేదు. మిగిలింది అదొక్కటే, దాంతోనే కంపెనీని తిరిగి లేపారు. ఒకదానికొకటి కలిసి ఉన్న కాపీలు ఎన్ని ఉన్నా ఒక దెబ్బకు పోతాయి. ఇప్పుడు రెండు డిస్కులు వారం వారం మారుతూ ఓనర్ గారి ఇంటి లాకర్‌లో ఉంటాయి.

తిరిగి ఎక్కించి చూడనిదాన్ని బ్యాకప్ అని రిజిస్టర్‌లో రాయలేదు. ఖాళీ మెషిన్ మీద తమ్ముడు ఒక్కడే, కాగితం మీద రాసిన పద్ధతి చూస్తూ మొత్తం ఎక్కించాడు. కాపీ డేటాబేస్ లేవగానే కస్టమర్లకు నిజమైన మెయిళ్లు వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఓడూ 16 నుంచి ఉన్న న్యూట్రలైజ్ కమాండ్ మెయిల్ సర్వర్లనూ షెడ్యూల్డ్ జాబులనూ ఆపేస్తుంది. పద్ధతిలో అది మొదటి మెట్టుగా పెట్టాం, ఓడూను లేపకముందే. ఇన్‌వాయిస్‌లు, వాటి స్కాన్లు తెరుచుకున్నాయి. ట్రయల్ బ్యాలెన్స్‌ను అకౌంటెంట్ మేడమ్ సరిచూసి సంతకం పెట్టారు.

సోమవారం

మాడ్యూల్ అమ్మినవాళ్లు సరిచేసిన కోడ్ పంపారు. పాతదానికీ కొత్తదానికీ తేడా తీసి చదివాం. లింకులో టోకెన్ వచ్చింది, సెట్టింగుల టేబుల్‌కు గ్రూప్ పెట్టారు, ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని ఓడూ పద్ధతికి మార్చారు. లైసెన్స్ జాబ్‌ను తీయలేదు గానీ పంపే వివరాల్లో ఒక్క లైసెన్స్ నంబరే మిగిల్చారు, ఒప్పందంలోనూ ఆ మాట చేర్చారు. మిగతా కస్టమర్లకు కూడా ఈ వెర్షనే పంపుతున్నామని రాశారు. అది చదివి మా ఇద్దరికీ చాలా సంతోషమైంది. జిప్ ఫైల్ హ్యాష్‌ను రిజిస్టర్‌లో రాసి, టెస్ట్ సర్వర్‌లో నంబరు మార్చి మళ్లీ పరీక్షించాం. వేరే బిల్లు తెరుచుకోలేదు.

బయటి మెషిన్ నుంచి పోర్టుల స్కాన్ నడిపాం. 443 ఒక్కటే జవాబిచ్చింది, వైర్‌గార్డ్ తనకు తెలియని కీలకు జవాబే ఇవ్వదు. డేటాబేస్ మేనేజర్ చిరునామా నిషేధం చూపించింది.

రిజిస్టర్‌ను పార్ట్‌టైమ్ ఐటీ చూసే ఆయనకు ఇచ్చి పేజీ పేజీ చదివించాం. ఓడూ అప్‌డేట్ పద్ధతి ఆయన చేతే టెస్ట్ సర్వర్ మీద చేయించాం. కొత్త కమిట్ తేవడం, మార్పులు చూడటం, బ్యాకప్ తీయడం, టెస్ట్‌లో ఒక ఇన్‌వాయిస్ ప్రింట్ చేసి చూడటం, తర్వాతే లైవ్. ఏలూరు బ్రాంచ్‌కు వీపీఎన్ ఇంకా ఇవ్వాలి, అక్కడి ఇంటర్నెట్ కనెక్షన్ మారుతోందట. ఓడూ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పీడీఎఫ్ టూల్ అవసరం మిగిలిందో లేదో చూడమని ఆ పేజీ కింద ఎర్ర సిరాతో రాశాం. గుంటూరు కౌంటర్ రేపు ఉదయం మొదటి బిల్లు కొడుతుంది.